ఆయుష్షు చిలప

గాంగ్వా దీవిలో ఓన్సు ఆవిడను ఎరగనివాళ్లు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం కట్టుకున్న మొగుడు కూడా తల గోక్కునేవాడు. ఓన్సు ఊరి నుంచి కోడలిగా వచ్చింది కనుక ఓన్సు ఆవిడ, అంతే. ఆ మొగుడు పోయాక నేత షెడ్డువాళ్ల నూలు చిలపలు, అంటే వదులుగా చుట్టిన నూలు కట్టలు, తెచ్చుకుని, గంజి పెట్టి, ఆరబెట్టి, కోన్లకు చుట్టి ఇచ్చి ఒక్కగానొక్క కొడుకు చిల్సాంగ్‌ను పెంచింది.

కోన్లు చుట్టే యంత్రం కొనే స్తోమత ఎక్కడిది? చేతికి దొరికిందే యంత్రం. పాడైన కుట్టుమిషను పీట తొక్కితే సైకిలు చక్రం తిరిగేది, దాంతో కోను తిరిగేది. గుడ్డ ఊడిన గొడుగును తలకిందులుగా నిలబెడితే దాని ఊచల మీద చిలప విచ్చుకుని కూర్చునేది. కోనుకు సిమెంటు సంచి కాగితం, అన్నం జిగురు. నూలు వదులు కాకుండా రెండు కోటు గుండీల సందులోంచి లాగేది. అన్నిటినీ మించింది చెంచా. దాని కాడను కొక్కెంలా వంచి, పరుగెత్తే నూలుకు తగిలించింది. నూలు తెగితే చెంచా కింద ఉన్న ఇత్తడి గిన్నెలో ఠంగున పడేది. పొయ్యి దగ్గరున్నా వినబడేది.

పక్కింటి గప్గోట్ ఆవిడకు ఆ చెంచా అంటే గిట్టదు.

"మనిషి పోతే 'చెంచా కింద పెట్టాడు' అంటాం కదే వదినా! నీ ఇంట్లో పొద్దస్తమానం చెంచా పడే చప్పుడే. నాకు ఒళ్లు జలదరిస్తుంది."

"నూలు తెగితే పడుతుంది. నీ నోరు కూడా అలా ఒక్కసారి తెగితే ఊరికి పండగే."

ఆ వసంతంలో చిల్సాంగ్ పసుపు చేపల పడవెక్కి యోన్‌ప్యాంగ్ వైపు వెళ్లాడు. ఆ నీళ్లలో కంటికి కనబడని సరిహద్దు గీత ఒకటుంది. పొగమంచులో దారితప్పి దాన్ని దాటిన పడవలను అవతలివాళ్లు పట్టుకుపోయేవారు. పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

వాడు వెళ్లాక ఓన్సు ఆవిడ పెట్టె తెరిచి తెల్లకాగితపు పొట్లం తీసింది. అందులో ఉన్నది వాడి ఆయుష్షు చిలప. మొదటి పుట్టినరోజున బల్ల మీద పెట్టిన బియ్యాన్నీ, కలాన్నీ వదిలేసి, పసివాడు రెండు చేతులతో నూలు చిలపను పట్టుకున్నాడు. "వందేళ్లు బతుకుతాడు!" అని అందరూ కేకలు పెట్టారు. దాన్ని తెంపకూడదు, ముడి వేయకూడదు. ఏటా ఒకసారి గాలికి ఆరేయడం ఆవిడకు అలవాటు. ఆ రోజు గంజి చిలపలు ఆరుతున్న వెదురు మీదే, ఓ చివర వేసింది. ఇంతలో ఉన్నట్టుండి వాన. చేతికందినవన్నీ పోగేసి చంకన పెట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది.

మర్నాడు చుడుతుంటే ఒక చిలప ప్రాణం తీసింది. చెంచా పడింది. ముడి వేసింది. మళ్లీ పడింది. పీచులేచిన చోట పళ్లతో కొరికి మళ్లీ ముడి వేసింది. "హో ముసలాడు కుళ్లిన నూలు అంటగట్టాడు, వాడి షెడ్డు తగలెయ్య!" అని తిట్టుకుంటూనే కోను ముగించింది. కోన్లన్నీ షెడ్డుకు పోయాయి.

కొన్నాళ్లకు చలి బట్టలు సర్దబోతే పెట్టెలో పొట్లం చదునుగా, ఖాళీగా కనిపించింది. ఆ రోజు మాటిమాటికీ తెగిన చిలప గుర్తొచ్చింది. అంతలా తెగిందంటే అది గంజి లేని నూలు. కొడుకు ఆయుష్షును తన పళ్లతో తానే కొరికింది.

అప్పటికే సముద్రం మీద మంచు కమ్మింది. తోటి పడవలు కొన్ని వచ్చేశాయి, చిల్సాంగ్ పడవ రాలేదు. ఎవరికి చెప్పుకుంటుంది? నోట జారిన చెడుమాట విత్తనమై మొలుస్తుంది, నిజమై కూర్చుంటుంది. షెడ్డుకు పరుగెత్తింది.

"కోన్లా? ఎప్పుడో పడుగుకెక్కాయి. ఆ తానే ఇది, నేత అయిపోయింది," అన్నాడు షెడ్డు యజమాని హో, కత్తెర అందుకుంటూ. "సగం పసిపిల్లల గుడ్డలకు. సగం శవపేటిక గోతిలోకి దించే పట్టీలకు."

ఆవిడ తాను మీద వేళ్లు పరిచి తడిమింది. ఒక ముడి తగిలింది. అదే పోగు మీద ఇంకొకటి. తన ముడి తనకు తెలియదా!

"కత్తెర పెట్టకండి అయ్యా! తాను మొత్తం నాకివ్వండి. ఏడాదంతా ఊరికే చుట్టి పెడతా."

"మతి గానీ పోయిందా?" అన్నాడు ముసలాయన. ఆవిడ ముఖం చూసి కత్తెర పక్కన పెట్టాడు. తెగని తానును పసిబిడ్డలా ఎత్తుకొచ్చి ఆవిడ పెట్టె మీద పెట్టుకుంది. తెల్లవార్లూ దాని పక్కనే కూర్చుంది.

మంచు విడిచిన ఉదయం చిల్సాంగ్ చేపల కంపుతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ నవ్వింది, ఏడ్చింది, వాడి వీపు మీద నాలుగు బాదింది. ఆ సంతోషంలో వాడికిష్టమైన సోయా పన్నీరు తేవడానికి సంతకు పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి వాడు తలకు తెల్లటి గుడ్డ చుట్టుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. చేతిలో గుడ్డముక్కల బొత్తి ఉంది.

"పోటు తగ్గకముందే మళ్లీ వెళ్తున్నామమ్మా, చేపలు ముమ్మరంగా ఉన్నాయి. పెట్టె మీద గుడ్డ కనబడితే మావాళ్లందరికీ తలకు కట్టుకోను తలో ముక్క కోశా. మంచి గుడ్డే, ముడులు కాస్త ఎక్కువగానీ."

"వద్దురా. వెళ్లకురా."

"ఎందుకమ్మా?"

నోరు తెరిచింది. చెబితే మాట విత్తనమవుతుంది. చెప్పకపోతే వీడు ఆగడు. వాడి చొక్కా చెయ్యి బిగించి పట్టుకుంది. వాడు నవ్వుతూ తల్లి వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ రేవుకు చేరేసరికి పడవ కదిలింది. అందులో అందరి తలలకూ తెల్ల పట్టీలే.

"అయ్యో, వీళ్లేమిటే వదినా, శవాన్ని మోసేవాళ్లలా!" అని గప్గోట్ ఆవిడ పకపకా నవ్వింది.

ఓన్సు ఆవిడ మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఇంజను హోరులో వాడికి వినబడలేదు. తల్లి సాగనంపుతోందనుకుని చెయ్యి ఊపాడు.