దొడ్డమ్మ పెంచిన పెయ్య

మా దొడ్డమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. సబ్బవరంలో నేను పాఠాలు చెప్పే చిన్న ప్రైవేటు బడి అది. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తింటున్నారు. దొడ్డమ్మ పక్కింటావిడ ఫోన్ చేసి, "అమ్మీ, మీ దొడ్డ ఇక లేదే. పాలు పితికొచ్చి అరుగు మీద కూకుంది. అలాగే ఒరిగిపోయింది" అంది. నేను ఫోన్ పెట్టేసి పిల్లల చేతులు కడిగించాను. ఆ తర్వాత ఈ మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. నేను ఏదైనా చెప్పుకునేది దొడ్డమ్మకే. ఆవిడ తప్ప ఇంకెవరూ లేరని అప్పుడే తెలిసింది.

దొడ్డమ్మ మా అమ్మకి అక్క. నా చిన్నప్పుడే అమ్మ జబ్బు చేసి పోయింది. పాయకరావుపేటలో మిల్లు పనిలో ఉన్న నాన్న ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నన్ను తీసుకొచ్చి అనకాపల్లి పక్కన దొడ్డమ్మ ఊళ్ళో దింపేసి వెళ్ళాడు. దొడ్డమ్మకి భర్త లేడు, పిల్లలు లేరు. ఇంటి వెనక ఒక ఆవు, ఊరి చివర కాస్త చెరకు భూమి, ఆదివారం ప్రార్థనకి మాత్రం మడత విప్పే ఒక తెల్ల చీర. మనిషి సన్నం. నోరు మాత్రం వీధి మొత్తానికి సరిపోయేది.

నేను ఆ ఇంట్లో చాలాకాలం మాట్లాడలేదు. అడిగితే తలూపేదాన్ని. బడిలో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని, ఒక్కదాన్నే ఇంటికొచ్చేదాన్ని. దొడ్డమ్మ నన్ను బుజ్జగించలేదు. ఆవు ఈని పెయ్యదూడని పెడితే, దాని మెడలో తాడు వేసి ఆ కొస నా చేతిలో పెట్టింది.

"ఇది నీది. దీనికీ నోరు లేదు, నీకూ లేదు. ఇద్దరూ కలిసి ఏటి సేసుకుంటారో సేసుకోండి" అంది.

అనకాపల్లిలో ఏడాదికోసారి పశువుల ఆసుపత్రి వాళ్ళు లేగదూడల ప్రదర్శన పెట్టేవారు. పెంచిన పిల్లలే దూడని తాడు పట్టుకుని నడిపించుకురావాలి. డాక్టర్లు చూసి మంచి దూడలకి బహుమతులిచ్చేవారు. మా పెయ్యని అక్కడికి తీసుకెళ్ళాలని దొడ్డమ్మ అది పుట్టిన వారానికే నిశ్చయించుకుంది. అప్పట్నుంచి నాకు ఇంకో బడి మొదలైంది. పొద్దున్న లేస్తూనే పెయ్య ముట్టె తడిగా ఉందో లేదో తాకి చూడాలి. చెవుల వెనకా తోక కిందా వేళ్ళు పోనిచ్చి పిడుదులు ఏరాలి. వెన్ను మీద చెయ్యి రాస్తే ఎక్కడా ముడి తగలకూడదు. సాయంత్రం చెరకు తోట గట్టు మీద నడిపించాలి. తాడు లాగకూడదు.

"లాగితే వత్తాది, ఎందుకు రాదు? నువ్వు నడుత్తుంటే దానంతటది రావాల. అదీ పెంపకం" అనేది.

పాలు పితికేటప్పుడు ఆవు నాలుగు చన్నుల్లో ఒకటి ముట్టుకునేది కాదు. అది పెయ్యది. పాలకేంద్రం దగ్గర బిందె వెలితిగా చూసి ఆడవాళ్ళు నవ్వేవారు. "దూడకి దోచిపెట్టి నువ్వేటి తింటావే?" అని ఒకావిడ అంటే, "నాకు పళ్ళున్నాయి. గడ్డయినా నవుల్తాను. దానికింకా రాలేదు" అంది దొడ్డమ్మ. ఇంకోసారి అక్కడే ఒకావిడ నా వైపు చూసి, నాన్న సంగతి మనసులో పెట్టుకుని, "ఆవు సేలో మేత్తే దూడ గట్టున మేత్తదా? రేపు ఈ గుంటా అంతే" అంది. దొడ్డమ్మ బిందె దించింది. "దీన్ని మేపుతున్నది నేను. సేనూ నాదే, గట్టూ నాదే. నీకేటి నొప్పి?" అంది. దారంతా నా వైపు చూడలేదు కానీ నా భుజం మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

నాన్న అప్పుడప్పుడు వచ్చేవాడు, మొదట్లో. ఆ ఏడాది వేసవిలో వచ్చినప్పుడు నేను పెయ్యని నడిపించి చూపించాను. దొడ్డమ్మ ఇంటికొచ్చాక నేను నోరు తెరిచి అడిగిన మొదటి మాట నాన్ననే. "ప్రదర్శనకి వస్తావా?" అన్నాను. "వత్తానమ్మా, ఎందుకు రాను" అన్నాడు. ఇక నాకు బహుమతి అక్కర్లేదు. ఆ పెయ్యని నేను నడిపిస్తుంటే నాన్న చూడాలి. చూస్తే, ఇంత పెద్ద దూడ మాట వింటోంది కదా, ఈ పిల్ల మనింట్లో ఉన్నా ఏ ఇబ్బందీ ఉండదు అనుకుంటాడని నా లెక్క. ఈ లెక్క దొడ్డమ్మకి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. నేను పెయ్యతో గుసగుసలాడేవన్నీ గోడ అవతల ఆవిడకి వినబడేవి.

ప్రదర్శన ముందురోజు దొడ్డమ్మ పొద్దున్నే తెల్లచీర కట్టుకుంది. "పెయ్యకి కొత్త తాడు కావాల. అనకాపల్లి ఎల్లొత్తాను" అని సంచీ పట్టుకుని వెళ్ళింది. సాయంత్రానికి గానీ రాలేదు. తాడు తేలేదు. "మంచివి లేవు" అంది. నేను బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఆవిడ పాకలో పెయ్య ముందు కూర్చుని ఉంది. బెల్లం గడ్డలు చిదిపి అరచేతిలో పెట్టి తినిపిస్తోంది. పెయ్య ముట్టె అంతా బెల్లం.

నేను నిలబడిపోయాను. మాది బెల్లం ఊరు. నేనెప్పుడైనా పిసరంత బెల్లం పెయ్యకి పెట్టబోతే, కడుపు చెడి పారుకుంటాదే అని కేకలేసే మనిషి ఈవిడే.

"ఒళ్ళు మెరుత్తాదని పెట్టేను" అంది, నేను అడగకుండానే.

తెల్లారేసరికి పెయ్య పారుకుంది. దొడ్డమ్మ తోక కడుగుతూనే ఉంది, అది పాడు చేసుకుంటూనే ఉంది. పక్కింటావిడ వచ్చి చూసి, "బెల్లవెట్టేవా? నీకు మతి పోయిందేటి?" అంది. "పోయింది" అంది దొడ్డమ్మ. ఎవరి మాటా పడని మనిషి అలా ఒప్పేసుకుంటే నాకు భయమేసింది.

అయినా వెళ్ళాం. ఆసుపత్రి ఆవరణలో పిల్లలందరం దూడలతో వరసగా నిలబడ్డాం. నా పెయ్య నిలబడ్డట్టు ఏదీ నిలబడలేదు. డాక్టరు గారు దాని వెన్ను నిమిరి, ముట్టె చూసి, కాళ్ళు చూసి తలూపారు. తోక ఎత్తి చూసి ఆగారు. "నిన్న ఏం పెట్టారమ్మా?" అన్నారు. నేను వినలేదు. గేటు చూస్తున్నాను. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, నా తల అటు తిరుగుతోంది.

"నీ దూడ నిన్నే చూస్తోంది. నువ్వెటు చూస్తున్నావు?" అన్నారాయన, మెల్లగానే.

అది దొడ్డమ్మ వింది. ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి, ఎండలో ఆవరణ దాటి వెళ్ళి, గేటు దగ్గర నిలబడింది. ఇక నేనెన్నిసార్లు అటు చూసినా ఆవిడే కనబడింది. మమ్మల్ని నడవమన్నప్పుడు నేను నడిచాను. పెయ్య తాడు వదులుగా ఉండగానే నా పక్కన నడిచింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

బహుమతి రాలేదు. నాన్నా రాలేదు. ఇంటిదారిలో నేను ఏడుస్తుంటే దొడ్డమ్మ, "డ్యూటీ పడిపోయుంటాది. మిల్లోళ్ళు ఒగ్గరు కదా. రావాలనే ఉంటాదిలే ఆడికి" అంది. ఆ మాట నేను నమ్మాను. నమ్మి చాలా ఏళ్ళు బతికాను. చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. రాలేకపోయాడు అనుకోవడానికీ రాలేదు అనుకోవడానికీ మధ్య ఎంత తేడా ఉందో, అమ్మానాన్నల దగ్గర పెరిగినవాళ్ళకి చెప్పినా తెలీదు.

మొన్న దొడ్డమ్మని మట్టి చేసిన రోజు నాన్న వచ్చాడు. ముసలివాడయ్యాడు. సమాధుల తోటలో గోడవారగా నిలబడ్డాడు. పాస్టరు గారి ప్రార్థన అయి అందరూ కదిలాక నా దగ్గరికొచ్చాడు.

"మీ దొడ్డ మా ఇంటికి ఒక్కసారే వచ్చింది" అన్నాడు. "అదేదో దూడల పోటీ అన్నావు సూడు, దానికి ముందురోజు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. 'గుంట నీ కోసం కనిపెట్టుకునుంది. ఒక్క పూట వచ్చి సూసి ఎల్లిపో, నిన్నింకేటీ అడగను' అంది. ఇంట్లో గొడవవుద్దని రాననేసేను. మా పిల్లలకని బెల్లం తెచ్చింది. అదీ తీసుకోలేదు. మోసుకుపొమ్మన్నాను."

ఆ సాయంత్రం పెయ్య ముట్టెకి అంటిన బెల్లం అదే. ఆయనకి బస్సు వేళయింది, వెళ్ళిపోయాడు. సమాధిలో వేసిన మన్ను నా చేతులకి అంటుకునే ఉంది, దులుపుకోలేదు. దొడ్డమ్మ ఉంటే ఆ క్షణాన పరుగెత్తుకెళ్ళి, ఎందుకు చెప్పలేదే అని దెబ్బలాడేదాన్ని. ఆవిడ కోసం ఏడవడం నాకు అప్పుడు మొదలైంది.

నాకు ఆవిడ ముఖం తలుచుకుంటే ఇప్పుడు ఇల్లు గుర్తు రావడం లేదు, పాక గుర్తు రావడం లేదు. నేను చూడని చోటే కనబడుతోంది. పాయకరావుపేట నుంచి వస్తున్న బస్సు. తెల్లచీరలో ఒక సన్నటి మనిషి కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో బెల్లం సంచీని రెండు చేతులతో పట్టుకుంది. ఎండ మొహాన పడుతున్నా పక్కకి జరగడం లేదు. పెదవులు కదులుతున్నాయి. ఇంటికెళ్ళాక నాతో ఏం చెప్పాలో వల్లె వేసుకుంటోంది.