చిన్నమామ దినాలైన తర్వాత

పొద్దున చాయ్ తాగుతూ జిల్లా పేజీ తిరగేస్తుంటే మూలన అంగుళమంత వార్త కనపడింది. రైల్వే స్టేషన్ దగ్గర గుర్తు తెలియని మృతదేహం, బంధువులెవరైనా ఉంటే పోలీసులను కలవాలి. మా ఇంట్లో అందరూ రాశిఫలాలు చూస్తే నేను ఈ వార్త చూస్తాను. ఎవరు పోయారో అన్న దిగులు కంటే, ఎవరు వెళ్లి ఎవరిని గుర్తుపడతారో అన్న భయమే నాకు ఎక్కువ. ఎందుకంటే మేమూ ఒకసారి అలా వెళ్లి, ఏ అనుమానం లేకుండా గుర్తుపట్టి వచ్చాం.

అమ్మకు ఆఖరి తమ్ముడు మా చిన్నమామ. వరంగల్లో మా అమ్మ పుట్టింటివాళ్లది మగ్గాల ఇల్లు, జంపఖానాలు నేస్తారు. ఎర్ర పట్టీల నడుమ పచ్చ గీత, అంచు దగ్గర ఒక చిన్న మెలిక. ఆ మెలిక తాతల నాటిది, మా ఇంట్లో తప్ప ఇంకెవరికీ చేతకాదని మావాళ్లకు మహా గర్వం. చిన్నమామ మగ్గం మీద కూర్చుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవారు. తర్వాత గుడుంబా తాగుడు మొదలైంది. అది చాలక ఏది దొరికితే అది. ఇంట్లో రాగి కాగు పోయింది, ఇత్తడి బిందెలు పోయాయి, చివరికి మగ్గం మీది నూలు కూడా పోయింది. ఆ నూలు పోయిన రోజే చిన్నత్త మొగుణ్ణి బయట పెట్టి తలుపు వేసుకుంది. ఆయన స్టేషన్ మెట్ల కింద పడుకోవడం మొదలుపెట్టాడు. చలికాలం వచ్చేసరికి ఆమె మనసు ఊరుకోలేదు, తను నేసిన జంపఖానా ఒకటి పెద్దమామ చేత పంపింది. తను పంపిందని ఆయనకు చెప్పొద్దని కూడా చెప్పింది.

ఆ చలికాలం పోకముందే స్టేషన్ దగ్గర శవం దొరికిందని కబురొచ్చింది. పెద్దమామ, చిన్నత్త, తోడుగా నేను శవాల గదికి వెళ్లాం. ముఖం ఉబ్బిపోయి ఉంది, దాని నిండా గడ్డం. ఇంకెవరైనా అయితే పుట్టుమచ్చ వెతికేవారు, పళ్లు చూసేవారు. మావాళ్లు నేతగాళ్లు. శవం మీద కప్పిన జంపఖానా అంచు తిరగేసి చూశారు. చిన్నత్త ఆ మెలికను వేళ్లతో తడిమి, నా చేతి నేతే అంది. అంతే, ముఖం వైపు మళ్లీ ఎవరమూ చూడలేదు. కాల్చాం, దినాలు చేశాం. పెద్దమామ ఏడుస్తూనే కూరలో కారం తక్కువైందన్నాడు. చిన్నత్త గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. చిన్నమామ ఫొటో దండతో సహా గోడకెక్కింది.

కొన్నేళ్లు గడిచాయి. నాతోపాటు పనిచేసిన ఆవిడ వరంగల్ పక్కనే సుబేదారిలో కట్టుకున్న కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే వెళ్లాను. పాటలయ్యాక పాస్టర్ గారు, ప్రభువు తన బతుకు ఎలా మార్చాడో ఒక సహోదరుడు సాక్ష్యం చెప్తాడన్నారు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు, కొంచెం పొట్టతో ఒకాయన లేచి మైకు పట్టుకున్నాడు. గొంతు విన్నాను. పక్కనున్న ఆవిడ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఆమె నాకు పరిశుద్ధాత్మ వచ్చిందనుకుని స్తోత్రం అంది. మేము కాల్చిన మనిషి మైకులో మాట్లాడుతున్నాడు.

స్టేషన్లో అన్నం పొట్లాలు పంచే ప్రార్థనవాళ్లు, స్పృహ లేకుండా పడివున్న తనను వేరే ఊళ్లోని ఆశ్రమానికి తీసుకుపోయారట. మందు లేక వణికి, అరిచి, వాంతి చేసుకుంటుంటే ఒక ముసలాయన తుడుస్తూ కూర్చునేవాడట. ఎందుకు తుడుస్తున్నావని అడిగితే, నన్ను కూడా ఒకరు ఇట్లనే తుడిచారన్నాడట. ఆ మాటకే మొదటిసారి మోకాళ్ల మీద కూర్చున్నానని, తర్వాత బాప్తిస్మం తీసుకున్నానని చెప్పాడు. ఇంటికి పోవడానికే ముఖం చెల్లడం లేదు, నా భార్య నన్ను క్షమించేటట్టు ప్రార్థన చెయ్యండి అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

పెరట్లో చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను. నన్ను చూసి నవ్వబోయాడు.

"మామా, నువ్వు సచ్చిపోయినవ్. నీకు దినాలు గూడ చేసినం."

ఆయన నల్లా పట్టుకుని నిలబడ్డాడు. "మీ అత్త?" అన్నాడు. నుదురు మీద చెయ్యి పెట్టి, బొట్టు తుడిచినట్టు చూపించాను. చిన్నమామ ఆ తడిలోనే కూలబడిపోయాడు.

మర్నాడు ఆయన్ను ఇంటికి తీసుకెళ్లాను. పక్కింటి ముసలమ్మ దయ్యమనుకుని చేట పారేసి పరిగెత్తింది. చిన్నత్త మగ్గం మీద నుంచి లేవలేదు. ఆయన్ను కింది నుంచి మీదికి చూసింది, చేతులాగిపోయాయి.

"గా జంపఖానా ఎవలికిచ్చినవ్?"

"పక్కన పండుకునేటోనికి. సీసకు అమ్ముకున్న. పేరు గూడ అడగలే."

"అయితే నేను గాజులు పలగ్గొట్టుకున్నది గా పేరు తెల్వనోనికా?"

ఎవరి కొడుకో, ఎవరి మొగుడో, మా చేతుల మీదుగా కాలిపోయాడు. అతనికోసం ఎదురుచూసే ఇల్లు ఎక్కడైనా ఉందేమో ఈనాటికీ తెలియదు.

పెద్దమామ గోడ మీది ఫొటో దించి, వెంటనే బొట్టు పెట్టుకొమ్మని, పుస్తె మళ్లీ కట్టిద్దామని హడావుడి చేశాడు. చిన్నత్త ఒప్పుకోలేదు. "ఒకసారి మీరే తుడిసిండ్రు. గీయన మళ్ల తాగితే ఇంకోసారి తుడుసుకునే ఓపిక నాకు లేదు" అంది. ఆయనకు అరుగు మీద చాప వేసింది. ఆయన మారు మాట్లాడకుండా అక్కడే ఉన్నాడు. ఆడవాళ్లూ పిల్లలూ చేసే, నూలు కండెలు చుట్టే పని ఆయన చేశాడు. ఆదివారం ప్రార్థనకు పోయి వచ్చేవాడు, మొదటి ప్రార్థన ఆ పేరు తెలియని మనిషికే చేసేవాడు. ప్రార్థన సంఘం ఆడవాళ్లు కూడా ఇంటికొచ్చారు. మంచివాళ్లే, మాలో బొట్టు అవసరమే లేదమ్మా, నువ్వూ రా అన్నారు. చిన్నత్త చాయ్ పోసి పంపింది. బొట్టు లేని ఆ నుదురు చూస్తే ఆమె విధవో విశ్వాసో కొత్తవాళ్లకు తెలిసేది కాదు. ఆయన మళ్లీ తాగుతాడేమోనని మేమందరం కాచుకుని ఉన్నాం, అందరికంటే ఎక్కువ ఆమె.

వానలు పోయి, చలి పోయి, ఎండలు ముదిరాయి. ఒక పొద్దున నేను వెళ్లేసరికి చిన్నత్త మగ్గం మీద ఉంది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. గడప దగ్గరే నిలబడిపోయాను. చిన్నమామ కండె చేతిలో పట్టుకుని తల వంచుకుని ఏడుస్తున్నాడు. ఆమె ఆయనవైపు చూడకుండానే అంది, "నీ దేవుడు నీకు, మంచిగ మొక్కుకో. గిది నువ్వు తాగకుంట ఉన్నందుకు పెట్టుకున్న."

తనకు ప్రభువు కొత్త జీవితం ఇచ్చాడని చిన్నమామ ఇప్పటికీ సాక్ష్యం చెప్తాడు. నేను కాదనను, కళ్లారా చూశాను. కానీ ఎవరో తెలియని మనిషికి విధవగా ఆమె బతికిన ఆ ఏళ్లను ఎవరు తిరిగిస్తారో నాకు తెలియదు. వాటిని ఇమ్మని ఆమె ఏ దేవుణ్ణీ అడగలేదు.