నేను తీసేసిన పట్టిక

ఇరవై ఏళ్లు కావస్తోంది, ఈ మాట నాలోనే ఉండిపోయి. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. నా దగ్గర పరిశోధన చేసి వెళ్లిన పిల్లలకు నిజాయితీ గురించి గంటలు గంటలు చెప్పాను గాని, ఇది చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీతో చెప్పడం కాస్త తేలిగ్గా ఉంది. ఇక్కడ నా పేరు రాయడం లేదు. రాయాల్సిన చోట రాశాను. ఆ సంగతీ చెబుతాను.

నేను రసాయన శాస్త్రం ప్రొఫెసర్ని. పదార్థాల ఉపరితలం మీద ఏం జరుగుతుందో చూడడం నా పని. బొగ్గు ముక్క చూడడానికి నల్లగా, మొద్దుగా ఉంటుంది. లోపల మాత్రం కంటికి ఆనని చిల్లులు లెక్కలేనన్ని. నీళ్లలో కరిగిన కొన్నిటిని ఆ చిల్లుల గోడలు పట్టుకుంటాయి. దేన్ని పట్టుకుంటాయి, దేన్ని వదిలేస్తాయి, ఎందుకు? నా ఉద్యోగం, నాకొచ్చిన పేరు, అన్నీ ఈ ప్రశ్నల మీదే నిలబడ్డాయి.

మాది గుంటూరు వైపు మిరప, పత్తి వేసే ఇల్లు. పత్తి తీతలయ్యాక ఎండిన కట్టె పీకి పొలంలోనే తగలబెట్టడం చిన్నప్పటినుంచీ చూశాను. ఆ కట్టెను బొగ్గు చేసి, దానికి పటిక పట్టించి, తాగే నీళ్లలోని ఫ్లోరైడును లాగేయొచ్చా అని పరిశోధన మొదలుపెట్టాం. మొదలుపెట్టింది నేనొక్కదాన్నే కాదు. నేనూ, కాశింబీ.

కాశింబిది దర్శి దగ్గర పల్లె. వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ ఊళ్లో ఏ బావిలో నీళ్లు తోడినా ఫ్లోరైడే. ఆమె పళ్ల మీద గోధుమ రంగు చారలుండేవి. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. వాళ్ల నాయనమ్మ మోకాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోయేదట. నేను డాక్టరేటు కోసం ఆ పనిలోకి వచ్చాను. ఆమె ఆ నీళ్ల కోసం వచ్చింది. ఈ తేడా నాకు అప్పట్లోనే తెలుసు. తెలిసీ ఏం చేశానన్నదే ఈ కథ.

డిస్టిల్డ్ వాటర్‌లో మేమే ఫ్లోరైడు కలిపి చూసినప్పుడు మా బొగ్గు చాలా బాగా పనిచేసింది. గైడ్ సార్ గ్రాఫులు చూసి సంబరపడ్డారు. కాశింబి మాత్రం ఊరెళ్లిన ప్రతిసారీ రెండు క్యాన్ల నిండా బావి నీళ్లు తెచ్చేది. బస్సులో ఒకటి ఒళ్లో, ఒకటి కాళ్ల దగ్గర. ఆ నీళ్లలో వేస్తే మా బొగ్గు దాదాపు ఏమీ పట్టుకోలేదు. ఆమె మళ్లీ చేసింది. ఇంకో బావి నీళ్లతో చేసింది. ప్రతిసారీ నోట్‌బుక్‌లో పట్టిక గీసి అంకెలన్నీ రాసింది. ఆ నీళ్లలో క్షారం ఎక్కువ. ఆ క్షారమే ముందు వెళ్లి బొగ్గు మీద చోటంతా ఆక్రమిస్తోందనీ, ఫ్లోరైడుకు జాగా మిగలడం లేదనీ ఆమె అనుమానం. ఇప్పుడు చూస్తే, ఆ గదిలో నిజంగా పరిశోధన చేసింది ఆమె.

అప్పుడే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు పడ్డాయి. ఇంటర్వ్యూ నాటికి నా పేరుతో ఒక మంచి పేపరు అచ్చయి ఉండాలి. బావి నీళ్ల పట్టిక అందులో ఉంటే పేపరు మరో ఏడాది ఆగుతుంది. సార్ ఆ పట్టిక చూసి, ఇదేంటమ్మా ఇలా ఉంది, అని నన్నడిగారు. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ భయమేస్తుంది. కాశింబి సీసాలు సరిగా కడగలేదు సార్, శాంపిళ్లు పాడయ్యాయి, అన్నాను.

అబద్ధం. ఆమె ఒక్కో ప్లాస్టిక్ సీసాను మూడేసి సార్లు కడిగేది. నేను పక్కనే నిలబడి చూశాను.

సార్ ఆమెను అందరి ముందూ కోప్పడ్డారు. ఆ పట్టిక తీసేయమన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను తక్కెడ మీద అంకెలు చదువుతున్నట్టు తల వంచుకున్నాను. తరవాత వరండాలో నా వెనకే వచ్చింది.

"అక్కా, సీసాలు కడిగేటప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు గదా?"

"ఉన్నాను."

"మరి సార్‌కి అట్టా ఎందుకు చెప్పావు?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే కాశింబీ. ముందు పేపరు రానీ. మీ ఊరి నీళ్ల సంగతి తరవాత విడిగా చూద్దాం."

"విడిగా ఏంటక్కా. ఈ పని మొదలుపెట్టిందే ఆ నీళ్ల కోసం."

నేను ల్యాబ్‌లోకి నడిచాను.

పేపరు వచ్చింది. రచయితల్లో ఆమె పేరు లేదు. చివర, చిన్న అక్షరాల్లో, సహకరించినందుకు కృతజ్ఞతలు. నాకు ఉద్యోగం వచ్చింది. ఆమె ఆ వేసవిలోనే పరిశోధన మానేసింది. వెళ్తూ నోట్‌బుక్ నా బల్ల మీద పెట్టి వెళ్లింది. ఎందుకు పెట్టిందో నేను అడగలేదు. దాన్ని పారేయడానికి చేతులు రాలేదు, తెరవడానికి ధైర్యం రాలేదు. బీరువా అడుగున పెట్టి తాళం వేశాను.

ఆ పేపరు నన్ను ఎక్కడెక్కడికో తీసుకెళ్లింది. ఎవరెవరో దాన్ని తమ పరిశోధనల్లో పేర్కొన్నారు. సభలకు పిలిచారు, శాలువాలు కప్పారు. ప్రతి సభలోనూ ఎవరో ఒకరు లేచి, ఊళ్లలో వాడి చూశారా మేడమ్, అని అడుగుతారేమోనని భయపడేదాన్ని. అడిగిన వాళ్లకు, ఇంకా పరిశీలనలో ఉంది అని నవ్వుతూ చెప్పేదాన్ని. ఒక సేవా సంస్థ వాళ్లు నన్ను అడక్కుండానే, పేపరు చదువుకుని, దర్శి వైపు ఒక బడిలో మా బొగ్గుతో ఫిల్టరు పెట్టారు. కొన్ని నెలల తరవాత, పనిచేయడం లేదండీ అని ఫోన్ చేశారు. మీరు బొగ్గు సరిగా తయారు చేసి ఉండరు, అన్నాను. వింటున్నారా? మళ్లీ అదే. నా తప్పు ఇంకొకరి చేతులకు పూయడం. ఆ కొన్ని నెలలూ బడి పిల్లలు ఆ నీళ్లు మంచివనుకుని తాగారు. నేను వేసిన తాళం ఒక నోట్‌బుక్‌కి మాత్రమే అనుకుంటూ వచ్చాను. కాదు.

పోయిన ఏడాది నా దగ్గర స్రవంతి అనే అమ్మాయి పరిశోధనలో చేరింది. వినుకొండ పిల్ల. నేను చెప్పకుండానే వాళ్ల ఊరి బోరు నీళ్లతో నా పాత ప్రయోగం చేసింది. ఒకరోజు మధ్యాహ్నం నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మేడమ్, మీ ఫలితాలు నాకు రావట్లేదండి. నేనే ఎక్కడో తప్పు చేస్తున్నాను. సీసాలు మళ్లీ కడిగి చూస్తానండి."

ఆ రోజు కూడా నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆ అమ్మాయి మరో మూడేళ్లు సీసాలు కడుగుతూ ఉండేది, తనకు చేతకాదని నమ్మేది, చివరికి వెళ్లిపోయేది.

"కూర్చో," అన్నాను. "నీ తప్పు కాదు. నాది."

మొదటిసారి పైకి అన్న మాట అది. బీరువా తెరిచి నోట్‌బుక్ ఆమె చేతిలో పెట్టాను. అప్పుడే నేనూ మొదటిసారి చివరి పేజీలు చూశాను. ఇక ముందు చేయాల్సిన ప్రయోగాలు కాశింబి వరసగా రాసి పెట్టింది. నీళ్లకు ముందు కొద్దిగా ఆమ్లం కలిపి క్షారం తగ్గించి, ఆ తరవాత బొగ్గులో పోయాలి. ఎంత కలపాలి, ఎంతసేపు ఆగాలి, అన్నీ. ఇన్నేళ్లూ దారి నా బీరువాలోనే ఉంది.

కాశింబి ఇప్పుడు ఒంగోలుకు ఇవతల ఒక ఊళ్లో హైస్కూల్లో సైన్సు టీచరు. ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. జుట్టు నెరిసింది. రండి, కూర్చోండి, అంది. ఆ 'అండి' నాకు తగిలింది. తగలాల్సిందే. అబద్ధం చెప్పాను కాశింబీ, అని మాత్రం అన్నాను.

"అది నాకు ఆ రోజే తెలుసండి. మీకు కొత్తేమో గాని, నాకు కొత్త కాదు," అంది.

క్షమించమని అడగబోయాను. నా ముఖంలోనే కనిపించిందేమో, ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది అడక్కండి. నేను అనలేను. నాకు చాలా ఏళ్లు పట్టింది, నా చేతులు మంచివే అని నేను నమ్మడానికి." తరవాత, "నోట్‌బుక్ ఉందా?" అని అడిగింది.

ఉందన్నాను. స్రవంతి ఆ చివరి ప్రయోగాలు మొదలుపెట్టిందనీ, బోరు నీళ్లలో ఫ్లోరైడు దిగుతోందనీ చెప్పాను. పూర్తిగా కాదు, కానీ దిగుతోంది. కాశింబి ముందుకు వంగింది. ఎంత ఆమ్లం కలుపుతున్నారు? బొగ్గు ఎన్నిసార్లు వాడగలుగుతున్నారు? నీళ్లు పుల్లబడకుండా తరవాత ఏం చేస్తున్నారు? ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉంది. సగానికి నా దగ్గర జవాబు లేదు. కాగితం తీసుకుని తనే గీసి చూపించింది. లేచి వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"కొత్త పేపరులో నా పేరు వేయండి. కింద కృతజ్ఞతల్లో కాదు. పైన."

వేస్తున్నాం. స్రవంతి పేరు, ఆమె పేరు. నా పేరు అందులో ఉండదు. నేను వేరే రాయాల్సింది ఉంది. పాత పేపరు అచ్చువేసిన పత్రికకు ఉత్తరం రాశాను. ఏ పట్టిక తీసేశానో, ఎవరి మీద నింద వేశానో, పేరుతో సహా రాశాను. అదే ఉత్తరం మా విశ్వవిద్యాలయానికీ పంపాను. ఫిల్టరు పెట్టిన సంస్థ వాళ్లకు ఫోన్ చేసి, తప్పు మీది కాదని చెప్పాను. విని ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు శనివారాల్లో కాశింబి బడి అయ్యాక బస్సెక్కి మా ల్యాబ్‌కు వస్తోంది. నాతో పని గురించి మాట్లాడుతుంది, అంతవరకే. స్రవంతితో మాత్రం గలగలా మాట్లాడుతుంది. నిన్న ఇద్దరూ ఏదో అంకె చూసి ఒకేసారి నవ్వారు. నేను పక్క గదిలో ఉండి విన్నాను. అంతకంటే నాకు రావాల్సింది ఏమీ లేదు.

విచారణ కమిటీ వచ్చే గురువారం రమ్మంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ఇన్నేళ్లూ ఏ సభకు వెళ్లినా ముందు రోజే కూర్చుని, ఏం అడిగితే ఏం చెప్పి తప్పించుకోవాలో రాసుకునేదాన్ని. ఈసారి ఏమీ రాసుకోలేదు. వాళ్లు ఏది అడిగినా జరిగింది చెబుతాను.