అవ్వకు ఆల్జీబ్రా బుక్కు

ఆ రోజుల్లో మా ఊళ్లో ఎంపీసీ తీసుకున్న పిల్లగాడంటే సగం ఇంజనీరు కిందే లెక్క. మిగతా సగం ఎట్లా అవుతాడని ఎవరూ అడిగేవాళ్లు కాదు, నేనూ ఆలోచించలేదు. బచ్చన్నపేట దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సులో జనగామ కాలేజీకి పోయొచ్చేవాణ్ణి. చేతిలో ఎప్పుడూ ఒక లావుపాటి పుస్తకం ఉండేది (తెరిచేది తక్కువ, పట్టుకునేది ఎక్కువ). ఎవరింట్లో టీవీ చెడిపోయినా, ఎవరి ఫోన్ మొరాయించినా "ఎంపీసీ పిల్లగాన్ని పిలువుండ్రి" అనేవాళ్లు. నేను పోయి, అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల పోయింది" అని గంభీరంగా చెప్పి వచ్చేవాణ్ణి. ఆ మాట చెప్పడానికి ఎంపీసీ ఎందుకని ఒక్కరూ అనలేదు. మా ఊరివాళ్లది అంత మంచి మనసు.

మా అవ్వ (మా దిక్కు అమ్మను అట్లాగే పిలుస్తాం) ఊళ్లో అంగన్‌వాడీ ఆయా. పొద్దున్నే గది ఊడ్చి, ఇంటింటికీ తిరిగి పిల్లలను పోగుచేసుకొచ్చి, వండిపెట్టి, గుడ్లు ఉడకబెట్టి పంచడం ఆమె పని. ఆ ఏడు అక్కడి టీచరమ్మ వచ్చే ఎండాకాలానికి పని మానుకుంటుందని తెలిసింది. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ "నువ్వు పది పాసైతే ఆ నౌకరి నీకే అడుగుత" అన్నదట. అవ్వ ఏడుతో బడి ఆపేసిన మనిషి. ఆ మాట చెవినపడ్డ వారం లోపలే ఓపెన్ స్కూల్ పదికి ఫీజు కట్టేసి వచ్చింది. లెక్కలు తీసుకోవద్దు, బదులు వేరేది ఏదన్నా రాసుకోమని నేను సలహా ఇచ్చాను. ఆమె వినలేదు.

"పిల్లలకు ఒకట్లు రెండ్లు చెప్పెటిదాన్ని, నేనే లెక్కలంటె భయపడితె ఎట్ల బిడ్డా? గా ఆల్జీబ్రా ఒక్కటే నాకు కొత్త. ఇంట్ల నువ్వుంటివి, నువ్వే చెప్పు. దుకాణంల మంచి వర్క్‌బుక్కు సూసి పట్కరా."

సరే, నన్ను మించి పుస్తకం ఎంచేవాడు ఎవడున్నాడని మరునాడే మా కాలేజీ దారిలో ఉన్న పుస్తకాల దుకాణానికి పోయాను. సేటు కళ్లద్దాల పైనుంచి చూసి "ఎవలికి తమ్మీ?" అన్నాడు. సరిగ్గా అప్పుడే మా క్లాసు పిల్లలు నలుగురు రికార్డు పుస్తకాల కోసం లోపలికొచ్చారు. అందులో మొదటి బెంచీ అమ్మాయి కూడా ఉంది. "మా అవ్వకు" అనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. అవ్వ పదో తరగతి చదువుతోందని చెప్పడానికి సిగ్గుపడ్డాను. (ఇప్పుడు భూపాలపల్లిలో, ఆఫీసు క్వార్టర్‌లో కూచుని ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.) "నాకే" అన్నాను, కొంచెం గట్టిగా. "ఎంపీసీ." సేటు ముఖం వెలిగిపోయింది. స్టూలెక్కి, అన్నిటికన్నా పైఅరలోంచి దుమ్ము దులిపి మరీ ఒక గ్రంథం దించాడు. "పెద్ద పెద్ద ఎంట్రన్సులు రాసెటోళ్లది గిది. గిది ఖతం చేస్తివా, ఇగ నీకు తిరుగు లేదు!" మొదటి బెంచీ అమ్మాయి ఇటు చూసింది. ఇంకేం, కొనేశాను.

అవ్వ దాన్ని కళ్లకద్దుకుని, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసింది. సాయంత్రాలు పిల్లల గోల వదిలి ఇంటికి రాగానే ముఖం కడుక్కుని, పెన్సిల్ చెక్కి నా ముందు కూచునేది. మొదటి లెక్క ఆమెకు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు. అయితే ఆ మాట నేను పైకి అనలేదు. "అన్నీ నేనే చెప్తె నీకెట్ల వస్తది? మంచిగ సోంచాయించు" అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి చూసేవాణ్ణి. మా లెక్చరర్లు ఆ మాట ఎందుకు అంటుంటారో అప్పుడు కొంత అనుమానం కూడా వచ్చింది. అట్లా మూడు వారాలు గడిచాయి. అవ్వ ఆ మొదటి పేజీ దగ్గరే రాస్తూ తుడుస్తూ ఉండిపోయింది, కాగితం అరిగి చిల్లి పడింది.

ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి అవ్వ వాకిట్లో బాపుతో, అంటే మా నాన్నతో, చెబుతోంది. "పరీక్ష రాయనయ్యా. పోరడు పాపం మంచిగనే చెప్తుండు, నా తల్కాయకే ఎక్కుతలేదు. టీచరు నౌకరికి ఇంకెవలనన్న సూసుకొమ్మని రేపు సూపర్‌వైజరమ్మకు చెప్పొస్త."

చెప్పొస్తే ఇక అంతే, జన్మంతా ఆయాగానే ఉండిపోతుంది. చేతిలో పుస్తకం అరుగు మీద పడేసి ఆమె ముందుకు పోయాను.

"అవ్వా, నాకు గూడ వస్తలేదు."

"ఏంది?"

"ఆ బుక్కుల మొదటి లెక్కనే నాకు రాలే. గది నీకు పనికొచ్చే బుక్కే కాదు. దుకాణంల నీ కోసమని చెప్పలే, నాకే అని చెప్పిన. సిగ్గయింది."

అవ్వ చేతిలో ఉన్న చీపురు నా మీదకు విసిరింది. "మూడు వారాల సంది నేను మొద్దునని కుమిలి కుమిలి సస్తున్న గదరా, నీ నోట్లె మన్నువడ!" అని తిట్టి, తిడుతూనే ఫక్కున నవ్వేసింది. "అంటె నా తల్కాయ మంచిగనే ఉన్నదన్నట్టు!" బాపు నవ్వు ఆపుకోలేక తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని అవ్వే జనగామ వచ్చింది. సేటు నన్ను గుర్తుపట్టి "ఏం తమ్మీ, ఖతం చేసినవా?" అన్నాడు. నేను నేల చూపులు చూశాను. "గది వానికి సేటూ. నాకు ఏడో తరగతి ఆల్జీబ్రా బుక్కులు సూపియ్యి, పది రాస్తున్న" అంది అవ్వ, దుకాణమంతా వినబడేటట్టు.

"పది రాసుకుంట ఏడోది కొంటె ఇజ్జత్ పోతదవ్వా" అని గొణిగాను.

"నేను బడి ఆపింది ఏడుల. ఆపిన కాడికెల్లే గద నడవాలె?"

సేటు నాలుగు పుస్తకాలు ముందేశాడు. అవ్వ అక్కడే నోట్‌బుక్కుల డబ్బా మీద కూచుని, సంచిలోంచి పెన్సిల్ తీసి, ఒక్కో పుస్తకంలోని లెక్క ఒక్కొక్కటి బస్సు టికెట్ వెనక చేయడం మొదలుపెట్టింది. వచ్చిపోయే జనం ఆమెను దాటలేక ఆగిపోతున్నారు.

"ఏందమ్మా, గిది దుకాణమా పరీక్ష హాలా?"

"గాజులు ఎక్కించుకొని సూడకుంట కొంటమా సేటూ? జర ఆగు."

రెండు పుస్తకాలు పక్కన పడేసింది. మూడోదాంట్లో లెక్క చేసి, చివరి పేజీలో జవాబు చూసుకుని, "వచ్చింది!" అని కేకపెట్టింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరా అని తిరిగి చూస్తే మొదటి బెంచీ అమ్మాయి. "ఆంటీ, రెండోది గూడ చెయ్యుండ్రి" అని అవ్వ పక్కన వంగి నిలబడింది. కాలేజీలో చేరినప్పటి నుంచి ఆ అమ్మాయి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

గుడ్లు ఉడికేలోపు రెండు లెక్కలు, పిల్లలు పడుకుంటే నాలుగు. అట్లా ఏడు దాటి, ఎనిమిది దాటి, ఎండాకాలానికి అవ్వ పది పాసైంది, లెక్కలతో సహా. ఆ వారమే నా ఫలితాలూ వచ్చాయి. నాకు లెక్కల్లో రెండు పేపర్లూ పోయాయి.

టీచరుగా నౌకరి కాగితం అందిన రోజు అవ్వ నన్ను అంగన్‌వాడీ గదికి రమ్మంది. పిల్లలు వెళ్లిపోయాక తన వర్క్‌బుక్కులన్నీ నా ముందు పేర్చింది. "నాకు అబద్ధం చెప్పకు. నీకు యాడికెల్లి వస్తలేదో సూపియ్యి."

చాలాసేపు వెనక్కి తిప్పాను. పది కాదు, తొమ్మిది కాదు, ఎనిమిదీ కాదు. సమీకరణంలో ఒక అంకె అవతలి పక్కకు పోతే గుర్తు ఎందుకు మారుతుందో నాకు ఏనాడూ తెలియదు. అందరూ మారుస్తున్నారు కదా అని నేనూ మారుస్తూ ఇంటర్ దాకా వచ్చాను. పదిహేడేళ్ల ఆ పిల్లగాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టు ముడుచుకుని కూచుని, ఏడో తరగతి పుస్తకం మధ్యలో వేలు పెట్టి, "గిక్కడ, టీచరమ్మా" అన్నాడు.