నేను చూడని కలుపుదారి

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని విమానం ఎక్కిస్తున్నాను, దించుతున్నాను. ఏ తూకానికీ అందని బరువది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అంబాజీపేటలో కొబ్బరి కొట్టు. కాయను చెవి దగ్గర ఊపి వినకుండా మా ఇంట్లో ఎవరూ కొనరు. కో-పైలట్‌నయ్యాక కూడా నాకు బేరం బుద్ధి పోలేదు. దగ్గరదారి ఇవ్వమని గాల్లోంచే, కింద విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లతో బేరమాడేవాణ్ణి.

ఆ రోజు నాతో ఎగిరిన కెప్టెన్ గారిది అల్లవరం. దిగబోతుండగా గాలి మళ్ళి, రన్‌వే మార్చారు. పెద్దదారి నుంచి రన్‌వే వైపు దించే కలుపుదారిని మేం ట్రాన్సిషన్ అంటాం. రన్‌వే మారితే అదీ మారాలి. ఒకరు కంప్యూటర్‌లో ఎంచితే, రెండోవారు చార్టు పెట్టుకుని సరిచూడాలి.

"బాబూ, ట్రాన్సిషన్ మార్చేను. ఓసారి సరిచూడండి."

"చూసేనండి. బానే ఉందండి."

"అప్పుడే చూసేసేరా? మీ పేటలో కొబ్బరికాయక్కూడా ఇంకాస్సేపు పడుద్ది కదండీ!"

"ఆయ్! కాయలో కుళ్ళుంటదండి, కంప్యూటర్లో ఉండదు కదండీ."

ఆయన నవ్వేశారు. నేను తెర వైపు తలైనా తిప్పలేదు. కంట్రోలర్‌తో నా బేరం తెగేలా ఉంది మరి.

ట్రాన్సిషన్ ఎంచడంలో ఆయన వేలు జాబితాలో పక్క పేరు మీద పడి ఉంది. మబ్బులో విమానం కొండ వైపు తిరిగింది. హెచ్చరిక అరిచింది. ఆయన ఒక్కసారిగా పైకి లేపారు. మబ్బు చీలినచోట చెట్లు కనిపించాయి. కొమ్మలు కూడా. వెనకున్నవాళ్ళు ఏదో కుదుపనుకున్నారు.

విచారణకు పిలిచారు. మా మాటలు రికార్డయ్యే పెట్టె, విమానం మళ్ళీ ఎగరడంతో పాతవి చెరిపేసుకుందని ముందే వాకబు చేశాను. అప్పుడు నోరు విప్పాను. కెప్టెన్ గారు తొందరపెట్టి నన్ను సరిచూడనివ్వలేదన్నాను. భయంతో అన్నానా? భయమే. కాని వట్టి భయమే అయితే, అబద్ధం చెల్లుతుందో లేదో ముందు కనుక్కుని మరీ ఆడతానా? ఆయన నా వైపు ఒకసారి చూశారు. పైవాళ్ళు ఆయన కెప్టెన్ హోదా తీసేశారు. ఆయన మళ్ళీ ఎగరలేదు.

ఇప్పుడు కెప్టెన్ సీట్లో నేనున్నాను. పక్కనుంచి "చూశాను" అని వినబడితే చాలు, చార్టు తీసి మళ్ళీ నేనే చూస్తాను. ఆ పక్కవాడు నాలాంటివాడైతే?

సంతకం పెట్టి పైవాళ్ళకు రాయాలి. ఆయన గుమ్మం ఎక్కాలి. కాళ్ళు రావడం లేదు. ఇలా పేరు లేకుండా రాయడం కూడా బేరమేనని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. ఆయన చూడమన్నారు. నేను చూడలేదు.

ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.