నున్నటి పాటల మీద అనుమానం

మా గిటారు సార్ పోయారని పోయిన వారం పెనుకొండ నుంచి ఆయన భార్య ఫోను చేశారు. నేను వెంటనే నమ్మలేదు. ఇంకొకరికి ఫోను చేసి కనుక్కున్నాను. అట్లా కనుక్కోవడం సార్ దగ్గర నేర్చుకున్నదే.

సార్ రోజూ రైల్లో హిందూపురం వచ్చి, ఒక బట్టల కొట్టు మేడ మీద పాఠం చెప్పేవారు. టీ తాగే ముందు పాలు విరిగాయేమోనని వాసన చూసేవారు. మేము శ్రుతి చేసి ఇచ్చిన గిటారును మళ్లీ శ్రుతి చేసేవారు. బాగా వాయించానని నేను మురిసిపోతే, "బాగుండాదని ఎవరు చెప్పినారు? నీ చెవి చెప్పిందా, నీ మనసు చెప్పిందా?" అనేవారు. ఇప్పుడు ధర్మవరంలో చీరల కొట్టు నడుపుకుంటున్న నాకు ఆ ప్రశ్న ఇంకా పనికొస్తూనే ఉంది.

ఆయన అనుమానించనిది బెంగళూరులోని ఒక కన్నడ బ్యాండును మాత్రమే. ఏళ్ల తరబడి వాళ్ల పాటలు గరుకుగా, గోలగా ఉండేవి. సార్‌కు అవంటే ప్రాణం. ఆమధ్య వాళ్ల కొత్త ఆల్బమ్ వచ్చింది. గిటార్లు తేటగా, పాటలు తీయగా, ఎక్కడా గరుకన్నది లేకుండా ఉంది. నా ఫోనులో రెండు పాటలు విని సార్ ఆపేయమన్నారు.

"ఇది వాళ్లు వాయించింది కాదమ్మా. ఎవరినో పెట్టి వాయింపించి, పైన వాళ్ల పేరు వేసుకున్నారు."

"వయసొచ్చింది కదా సార్, మారినారేమో."

"మారితే చెప్పి మారల్ల. ఇంత నున్నగా మారేదేంది?"

ఆ పట్టు వదల్లేదు. చివరికి బెంగళూరులో వాళ్ల కచేరీకి నేనే తీసుకుపోయాను. అందరూ ఎగురుతుంటే ఆయన చేతులు కట్టుకుని గిటారిస్టు వేళ్లనే చూస్తూ నిలబడ్డారు. అయిపోయాక అతన్ని ఆపి, రికార్డులో వాయించింది నువ్వేనా అని కన్నడంలో మొహమాటం లేకుండా అడిగారు.

అతనికి కోపం రాలేదు. "నేనే సార్. మా అమ్మకు వినికిడి తగ్గింది. పాత పాటల్లో గోల తప్ప మాటలు వినపడవంది. ఆమెకు వినపడేట్టు చేశాం" అన్నాడు.

తిరుగు రైల్లో హిందూపురం దాటాక సార్ నా వైపు తిరిగారు. అప్పుడు, "అమ్మ పేరు చెప్పి అబద్ధమాడతాడంటావా?" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మొన్న పలకరించడానికి వెళ్తే ఆయన భార్య చెప్పారు. "ఈ ఏడాది ఆయనకూ చెవులు పోయినాయమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను పిలిచినా పలకడు. ఆ కన్నడ బ్యాండు కొత్త పాటలు మాత్రం దినామూ పెట్టుకుంటాండె. మాటలు తెలుస్తాండాయి అంటాండె."

పొద్దుటి ఎండలో వీధి మెట్టు మీద కూర్చుని, చిన్న స్పీకరును రెండు చేతులా చెవికి అదుముకుని, పాట వెంట పెదవులు కదిపేవారట. ఎవరికో రహస్యం చెప్తున్నాడని దారిన పోయేవాళ్లు అనుకునేవారట.