“దేంట్లో?” అని అడిగే అత్త

మొన్న ఆదివారం పొద్దున్నే చీరాల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, అత్త పోయింది. నిద్రలోనే పోయింది” అన్నాడు. ఒంగోలు నుంచి నేను వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేసేశారు. అత్త దగ్గర ఒకటో తరగతి చదివినవాళ్ళు, వాళ్ళ పిల్లలు వీధి నిండా ఉన్నారు. ఎవరో పెద్దాయన నా పక్కన నుంచుని కళ్ళజోడు తుడుచుకుంటూ, “చాలా తెలివైన మనిషమ్మా మీ అత్త” అన్నారు. ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వాను. ఆ మాట అత్త చెవిన పడి ఉంటే, “దేంట్లో?” అని అడగకుండా వదిలేది కాదు.

అత్త మా నాన్నకి అక్క. మామయ్య చిన్నవయసులోనే పోతే, పిల్లలు లేని మనిషి కాబట్టి పుట్టింటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. మాది మగ్గాల ఇల్లు. తెల్లారితే అందరూ నేత పనిలో పడేవాళ్ళు. అత్త మాత్రం గొడుగు పట్టుకుని బడికి వెళ్ళేది. ఉద్యోగం చేసినంత కాలం ఒకటో తరగతే కావాలని అడిగి తీసుకుంది. పై తరగతులకి వెళ్ళేసరికి పిల్లల మీద అప్పటికే ఎవరో ఒకరు ముద్ర కొట్టేసి ఉంటారనీ, తనకి ముద్ర పడని పిల్లలే ఇష్టమనీ అనేది.

ఆవిడతో వచ్చిన చిక్కల్లా ఆ ఒక్క ప్రశ్నే. ఎవరైనా తల్లి పిల్లాణ్ణి తీసుకొచ్చి, “మావాడు మహా తెలివైనవాడు టీచర్ గారూ” అనగానే, “దేంట్లోనమ్మా?” అనేది. వెటకారం కాదు, నిజంగానే అడిగేది. ఆ తల్లి తడబడి, “అంటే... అన్నీ ఠకీమని చెప్పేస్తాడండీ” అంటే, “అయితే గుర్తు బాగుందన్నమాట. మంచిది. అర్థం చేసుకోవడం సంగతి చూద్దాం” అనేది. “వీడికి తెలివి లేదండీ” అని మొత్తుకునే తల్లికీ అదే ప్రశ్న, అదే గొంతు.

అత్త క్లాసులో ఒక పాప ఉండేదట. అక్షరాలు ఎంతకీ పట్టుబడేవి కావు. కానీ ఏ పిల్ల అన్నం తినకుండా వచ్చిందో మొహం చూసి చెప్పేసేదట. ఇంకొకడు పలకైనా తీసేవాడు కాదు గానీ, ఇద్దరు కొట్టుకుంటుంటే ఇద్దరికీ కోపం రాకుండా విడదీసేవాడట. “గుర్తుపెట్టుకోవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు, చేత్తో చెయ్యడం వేరు, ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టడం వేరు. ఎక్కడ నోరు మూసుకోవాలో తెలియడం ఇంకా వేరు. అన్నిటికీ కలిపి మనం తెలివి అని ఒక్క మాటే వాడుకుంటున్నామే. ఎంత పీనాసితనం!” అని అమ్మతో అంటుంటే విన్నాను.

ఈ ప్రశ్న నుంచి తనని తాను మినహాయించుకోలేదు. రైళ్ళ విషయంలో అత్తకి బుర్ర అస్సలు పనిచేసేది కాదు. చీరాల స్టేషన్లో బాపట్ల రైలెక్కబోయి, ఎదురు దిక్కున పోయే రైలెక్కి వేటపాలెంలో దిగేది. దిగినందుకు ఊరికే రాకుండా అక్కడ జీడిపప్పు కొనుక్కుని వచ్చేది. బాపట్ల పెళ్ళికని బయల్దేరిన మనిషి జీడిపప్పు పొట్లంతో గుమ్మంలో కనపడితే మాకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. “రైళ్ళలో నేను సున్నా. తినండి” అని పొట్లం విప్పేది.

నాకు బళ్ళో మొదటి ర్యాంకు వచ్చిన రోజు ఇల్లంతా పండగ చేసింది. అత్త నా తల నిమిరి, “దేంట్లోనే?” అంది. లెక్కల్లో, సైన్సులో అని గొప్పగా చెప్పాను. “బాగుంది. మిగతావి నిదానంగా చూసుకుందాంలే” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూతి ముడుచుకోవడంలో మాత్రం నాకు పుట్టుకతోనే మంచి ప్రతిభ ఉంది. ఆ వారమంతా ఆవిడతో మాట్లాడలేదు.

ఆ ప్రశ్న విలువ తమ్ముడి విషయంలో తెలిసింది. తొంభైల చివర్లో మా వైపు పిల్లల్ని గుంటూరు హాస్టల్ కాలేజీల్లో పడేస్తేనే చదువు అనుకునేవాళ్ళు. నాన్న కూడా తమ్ముణ్ణి ఇంటర్మీడియట్‌కి అలాగే చేర్చాడు. నాలుగు నెలలు తిరక్కుండానే వాణ్ణి చిట్టచివరి సెక్షన్లోకి తోశారు. మాట్లాడదామని వెళ్ళిన నాన్నతో అక్కడి ఆయన, “మీవాడికి ఐక్యూ తక్కువండీ. మా టైమూ మీ టైమూ వేస్టు” అన్నాడట. నాన్న పెట్టె సర్దించి వాణ్ణి ఇంటికి తీసుకొచ్చేశాడు.

ఇంట్లోకి వస్తూనే నాన్న గట్టిగా, “వీడికి తెలివి లేదక్కా! నా ఖర్మ ఇంతే!” అన్నాడు. వాడు చేతిలో పెట్టె కూడా దించకుండా మగ్గం పక్కన నుంచుని ఉన్నాడు.

“దేంట్లోరా?” అంది అత్త.

“దేంట్లో ఏంటి, అన్నిట్లోనూ!”

“అన్నిట్లోనూ చూశావా?”

నాన్నకి చిర్రెత్తుకొచ్చింది. “నీకెప్పుడూ ఇదొక ఆటక్కా. సరే, నువ్వే చెప్పు. దేంట్లో ఉంది వీడికి తెలివి? చెప్పు!”

తమ్ముడు తలెత్తి అత్త వైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. బొమ్మలు బాగా వేస్తాడనో, మనసు మంచిదనో ఏదో ఒకటి అంటుందని నేననుకున్నాను. అననీ అని దేవుడికి మొక్కుకున్నాను కూడా. అత్త వాణ్ణి చాలాసేపు చూసింది.

“నాకూ తెలీదురా” అంది. “ఇంకా కనపళ్ళేదు. కనపడేదాకా లేదనకు. వాడి ముందు అసలనకు.” అని వాడి చేతిలో పెట్టె తీసి కింద పెట్టి, “కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువుగాని” అంది.

నాకు అత్త మీద కోపం వచ్చింది. ఒక్క మంచి మాట అంటే ఏం పోయేది! చాలా ఏళ్ళ తర్వాత తమ్ముణ్ణి అడిగితే వాడన్నాడు. “ఆ రోజు ఏదో ఒకటి పొగిడుంటే నేను నమ్మేవాణ్ణి కాదక్కా. తెలీదంది చూడు, దాంతో బతికాను.” అత్త ఆ మాట అన్న తర్వాత మా ఇంట్లో వాడి గురించి ఎవరూ తీర్పు చెప్పలేదు. నాన్న నోటి దాకా వచ్చినా మింగేసేవాడు. వాడు చీరాలలోనే డిగ్రీ చదివాడు, ఒక సబ్జెక్టు రెండుసార్లు తప్పాడు, ఆ తర్వాత చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు బ్రహ్మాండంగా ఏమీ నడవలేదు, నడుస్తోంది. వాడికి దేంట్లో తెలివుందో నన్నడిగితే ఇప్పటికీ ఫలానా అని చెప్పలేను. చెప్పాల్సిన అవసరమూ కనపడ్డం మానేసింది.

రెండేళ్ళ కిందట అత్త మరిచిపోవడం మొదలుపెట్టింది. మొదట పేర్లు పోయాయి, తర్వాత రోజులు, తర్వాత మేము. ఒంగోల్లో డాక్టరు దగ్గరికి నేనూ తమ్ముడూ తీసుకెళ్ళాం. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత అని ఆయన అడుగుతూ పోయాడు. వందల కొద్దీ పిల్లలకి ఎక్కాలు నేర్పిన మనిషి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నాకు చూడ్డం చేతకాక కిటికీ వైపు తిరిగాను.

“ఆవిడకి తెలివి బాగా తగ్గిపోయిందండీ” అన్నాడు డాక్టరు.

“దేంట్లోనండీ?” అన్నాడు తమ్ముడు.

వాడు ఎదురు తిరగలేదు. తెలుసుకుందామనే అడిగాడు. గొంతు అచ్చం అత్తదే. డాక్టరు మంచివాడు. కలం పక్కన పెట్టి ఆలోచించాడు. “గుర్తులో పోయింది. లెక్కలో పోయింది. కాలం, చోటు తెలియడం లేదు” అన్నాడు. “మరి మిగతావి?” అని అడిగాడు వీడు. “మిగతావి నేను చెప్పలేనండీ. ఇంట్లో ఉండేవాళ్ళు, మీరే చూసుకోవాలి” అన్నాడాయన.

చూసుకున్నాం. ముఖ్యంగా ఒక రోజు చూశాను. అది చెప్పి ముగిస్తాను.

మా ఇళ్ళల్లో అన్నప్రాసన నాడు పిల్లల ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు వరసగా పెడతాం కదా. బిడ్డ దేన్ని పట్టుకుంటే ఆ రాత అంటారు. కలం పట్టుకుంటే తెలివైనవాళ్ళవుతారని అందరికీ కలం మీదే ఆశ. అందుకని తల్లో అమ్మమ్మో ఎవరూ చూడకుండా కలాన్ని కాస్త ముందుకి జరుపుతారు. మా వంశంలో ఏ బిడ్డకి చేసినా అత్త ఆ వరస పక్కనే కాపలా కూర్చునేది. తనే ఒక గరిటె, దారం చుట్టిన కండె తెచ్చి వరసలో కలిపేది. “కండె మీద బతుకుతూ కండె పెట్టకపోతే ఎలాగే?” అనేది. కలం ముందుకి జరిగితే చాలు, “ఎవరే తోసింది?” అని వెనక్కి లాగి మిగతావాటి సరసన పెట్టేది.

ఈ మధ్య తమ్ముడి కూతురికి అన్నప్రాసన చేశాం. కండె, గరిటె వాడే తెచ్చి పెట్టాడు. అత్తని తీసుకొచ్చి పక్కన పీట మీద కూర్చోబెట్టాం. ఎక్కడున్నదో, ఎవరి బిడ్డో ఆవిడకి తెలియదు. పాపని బోర్లా పడుకోబెట్టారు. అందరూ చప్పట్లు కొడుతూ పిలుస్తున్నారు. మరదలి తల్లి మెల్లిగా చెయ్యి చాచి కలాన్ని ముందుకి జరిపింది.

అత్త చెయ్యి లేచింది. వెళ్ళి ఆ కలాన్ని పట్టుకుంది. వెనక్కి లాగి, గరిటెకీ కండెకీ మధ్య పెట్టి, వేలితో వరస సరిచేసింది.

పాప ఏం పట్టుకుందని అడుగుతారేమో. అందరూ గొల్లున నవ్వారు గానీ, నేను చూడలేదు. అత్త చెయ్యి ఇంకా ఆ వరస మీదే ఉంది.